తప్పంతా ఫైలుదే

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని ఒక సామెత ఉంది. మా బావ ఆ సామెతకు ఒక మెట్టు పైన ఉంటాడు. ఎవరో ఆడలేకపోతే, తను పనిగట్టుకుని వెళ్ళి వాళ్ళ తరఫున మద్దెలను తిట్టి వస్తాడు. నాకు తెలిసినంతలో ఆయన ఈ భూమ్మీద ఏ మనిషిలోనూ ఇంతవరకు ఒక్క తప్పు పట్టలేదు. అలాగని తప్పు జరగలేదనడు. జరిగిందని ఒప్పుకుంటాడు. కాకపోతే అది గోడది, గేటుది, డబ్బాది, అన్నిటికన్నా ఎక్కువగా కంప్యూటర్లో ఉండే ఫైలుది.

ఇందులో నాకొచ్చిన చిక్కేమిటంటే, నేను వాహనాల బీమా కంపెనీలో సర్వేయర్ని. రెండు బళ్ళు గుద్దుకుంటే తప్పెవరిదో తేల్చడం నా వృత్తి. తప్పు ఎవరిదీ కాదంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అలాంటివాడికి ఇలాంటి బావ దొరికాడు.

ఒకసారి ఆయన్ని నాతోపాటు ప్రమాదం జరిగిన చోటికి తీసుకెళ్ళాను. దారిలో కబుర్లకు తోడుంటాడు కదా అని. ఒక వ్యాను వెళ్ళి వెళ్ళి గిడ్డంగి గోడను గుద్దింది. నేను టేపు పట్టుకుని కొలతలు తీస్తుంటే, బావ ఆ గోడను ఎగాదిగా చూసి, వ్యాను యజమాని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరేం బాధపడకండి. తప్పు గోడది."

"గోడ ఎదురొచ్చిందా బావా?" అన్నాను.

"ఎదురు రాకపోయినా, ఆ రంగు చూడు. రోడ్డెలా ఉందో గోడా అలాగే ఉంది. మనిషన్నవాడికి ఎలా తెలుస్తుంది?"

అప్పటిదాకా "నాదే పొరపాటు సార్, ఫోను చూసుకుంటున్నా" అని చేతులు నలుపుకుంటున్న పెద్దమనిషి కాస్తా నిటారుగా నిలబడి, గోడ రంగు సంగతి రిపోర్టులో రాయమని నన్ను పట్టుబట్టాడు. ఆ తర్వాత బావను మళ్ళీ ఏ ప్రమాదానికీ పిలవలేదు. ఆ గోడకు మాత్రం కొన్నాళ్ళకు తెల్లటి పట్టీలు వెలిశాయి. ఎవరు వేయించారో నేను ఆరా తీయలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. మా అక్క ఒకరోజు కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసింది. ఇంకొకరైతే ఉమ్మేసేవారు. బావ గుటక వేసి, లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు డబ్బాను పైకెత్తి పట్టుకుని నిలదీశాడు.

"నీకేమైనా బుద్ధుందా? పక్కన చక్కెర డబ్బా ఎలా ఉంటే నువ్వూ అచ్చం అలాగే ఉండాలా? ఆవిడెలా పోల్చుకుంటుంది?"

మర్నాటికి ఉప్పు డబ్బా మూతకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. అది డబ్బాకు వేసిన శిక్షట.

"చూశావట్రా మీ బావ వరస," అంది అక్క నాతో. "ఈయన దృష్టిలో హంతకుడు కూడా నిర్దోషే. కత్తి ఫార్మాటు బాగోలేదంటారు."

"నిన్ను ఒక్కసారైనా తప్పు పట్టాడా అక్కా?"

"పట్టినా బాగుండును. ఎదురు తిరిగి నాలుగు మాటలు అందును. పోట్లాడదామంటే మనిషి దొరకడు. కోపమొస్తే నేనూ పోయి ఆ డబ్బాతోనే పోట్లాడుకోవాలి."

ఈ 'ఫార్మాటు' అనే మాట ఆయనకు అచ్చాఫీసులో అంటుకుంది. మందుసీసాల మీద అంటించే లేబుళ్ళ కోసం, ఎవరెవరో పంపే బొమ్మల ఫైళ్ళను అచ్చుకు పనికొచ్చేలా సరిచేయడం ఆయన ఉద్యోగం. ఓసారి ఎర్రగా రావాల్సిన లేబుళ్ళన్నీ ఆకుపచ్చగా అచ్చయ్యాయి. యజమాని అగ్గి మీద గుగ్గిలమై, ఎవడు చేశాడీ పని అని కేకలేస్తే, అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటున్నారట. బావ ముందుకొచ్చి "తప్పు ఫైలుదండీ" అన్నాడు.

"అయితే రేపట్నుంచి దాన్ని పనిలోకి రావద్దని చెప్పండి," అన్నాడు యజమాని.

బావ తలూపి, ఫైలును నిజంగానే తీసేసి కొత్తది తయారు చేశాడు. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

ఉద్యోగం అచ్చాఫీసులోనైనా, ప్రాణం ఆకాశంలో. బావకు చుక్కల్ని ఫొటో తీసే పిచ్చి ఉంది. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఊళ్ళో మరికొందరు ఉన్నారు. ప్రతి ఆదివారం పొద్దున్నే వాళ్ళంతా లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని బావ ఇంటి ముందుగదిలో చేరతారు. నేనూ వెళ్తాను. నాకు చుక్కల మీద ఆసక్తి లేదు, అక్క పెట్టే టిఫిను మీద ఉంది.

వాళ్ళ పద్ధతి చెబితే మీకు నవ్వొస్తుంది. ఆకాశంలో ఒకే చోటును ఒక్క ఫొటో కాదు, పదుల కొద్దీ తీస్తారు. అవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చమని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అది కలిపి ఒక మంచి ఫొటో చేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత లెన్సుకు మూత పెట్టి, మళ్ళీ అన్ని ఫొటోలు తీస్తారు. ఎందుకయ్యా అంటే, కెమెరాకు తనదైన గీతలూ మచ్చలూ కొన్ని ఉంటాయట. మూత పెట్టి తీస్తే అవి మాత్రమే పడతాయి. వాటిని ఆకాశం ఫొటోల్లోంచి తీసివేస్తే అసలు చుక్కలు మిగులుతాయి.

"లోకంలో అందరూ మూత తీయడం మర్చిపోయి ఫొటోలు పాడుచేసుకుంటారు," అంది మా అక్క మొదటిసారి ఇది విన్నప్పుడు. "మీరు గుర్తు పెట్టుకుని మరీ మూత పెడతారా?"

ఈ ఫొటోలు సాఫ్ట్‌వేర్లోకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వచ్చే పేచీలన్నీ ఫైళ్ళ దగ్గరే. ఆ పేచీలు తీర్చడంలో బావను మించినవాడు లేడు. ఫైళ్ళ రకాలన్నీ ఆయనకు పడని బంధువుల్లాంటివి. జేపెగ్ పిసినారి, సేవ్ చేసిన ప్రతిసారీ బొమ్మలోంచి కాస్త కొరికి దాచుకుంటుంది. టిఫ్ బద్ధకపు జమీందారు, లావుగా ఉండి కదలదు, కాని నమ్మకస్థుడు. ఫిట్స్ అనేది పండితుల రకం. దాన్ని ఒక సాఫ్ట్‌వేర్ పైనుంచి కిందికి చదివితే ఇంకోటి కిందినుంచి పైకి చదువుతుంది, రంగుల వరస తారుమారై ఎర్రమబ్బు కాస్తా పచ్చబడుతుంది. బావ ఒకసారి ఫోన్లో "ఫిట్స్ తలకిందులైంది, అంతే, కంగారు పడకండి, తిప్పి పెట్టండి" అని అరుస్తుంటే పక్కింటాయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఆ ముందుగదిలో జరిగే తంతు ఎప్పుడూ ఒకటే. ఎవరో పాడైన ఫొటో తెస్తారు. బావ కళ్ళజోడు నుదుటిమీదికి తోసి చూస్తాడు. చూసి, కుర్చీలోంచి సగం లేచి, ఫైలును తిట్టడం మొదలుపెడతాడు. తిట్లయ్యాక దానికో శిక్ష వేస్తాడు. ఆ ఊపులో ఆయన కాళ్ళు ఆయన అదుపులో ఉండవు. పక్కనే కూర్చునేది నేను కాబట్టి, నా కాలి బొటనవేలు ఏటా కొన్నిసార్లు ఆయన మడమ కింద నలుగుతూ ఉంటుంది.

మందుల షాపావిడ చంద్రుణ్ణి తీసుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చంద్రుడి ఒంటినిండా చదరాలు. స్నానాలగదిలో పలకలు పరిచినట్టుంది.

"మొన్నటిదాకా బాగానే ఉందండీ. రోజూ కాస్త మెరుగు పెట్టి సేవ్ చేస్తూ వచ్చాను," అందావిడ.

"రోజూ జేపెగ్‌లోనే సేవ్ చేశారా? అయితే మీరే కదండీ..." అని నేను ఏదో అనబోయాను. బొటనవేలు నలిగింది.

"ఓరి పిసినారి పీనుగా!" అని బావ తెర మీదికి వేలు చూపించాడు. "ఆవిడ రోజూ నీకు అన్నం పెట్టినట్టు మెరుగులు పెడుతుంటే, నువ్వు పళ్ళెం అంచు కొరుకుతావా? అమ్మా, మీరేం దిగులు పడకండి. దీనికి శిక్ష చెప్తాను. ఇకమీదట దీన్ని గడప తొక్కనివ్వద్దు. పనంతా టిఫ్‌లో చేసుకోండి. అంతా అయ్యాక, ఎవరికైనా పంపాలంటే అప్పుడు మాత్రం చివర్లో ఒక్కసారి పిలవండి. పని కాగానే పంపించేయండి."

"అలాగేనండీ. దీనికి ఇలాగే కావాలి," అంది ఆవిడ పళ్ళు నూరుతూ. ఆవిడ చంద్రుడి మీద మళ్ళీ పలకలు పరుచుకోలేదు.

పళ్ళ డాక్టరుగారిది ఇంకో కథ. సాఫ్ట్‌వేర్లోంచి ఫొటో నల్లగా వచ్చిందని, దాన్ని అలాగే చిన్నరకం ఫైలుగా మార్చేసి, ఆపైన వెలుగు పెంచుకుంటూ పోయాడు. ఎంత వెలుగుందో చెప్పడానికి కొన్ని ఫైళ్ళకు వేల మెట్లుంటాయి, కొన్నిటికి వందల్లోనే ఉంటాయి. ముందే వందల్లోకి దించేస్తే, చీకట్లో ఉన్న సన్నటి వెలుగులన్నీ రెండు మూడు మెట్లలో ఇరుక్కుపోతాయి. ఆయన ఆకాశం దంతాల వరసలా చారలు చారలుగా వచ్చింది.

"నంగనాచి ఫైలు! వెలుగంతా కడుపులో పెట్టుకుని పైకి ఏడుపుముఖం పెడుతుందా? డాక్టరుగారి చేతిని అనుమానించేలా చేస్తుందా?" అని బావ ఊగిపోయాడు. "దీన్ని వెలుగు కక్కేదాకా పెద్దరకంలోనే నిలబెట్టండి. పని పూర్తయ్యేదాకా కిందికి దిగనివ్వకండి."

డాక్టరుగారు నవ్వుతూనే ఆ శిక్ష అమలు చేశాడు. చారలు పోయాయి.

వీటన్నిటికన్నా వింతది అరచెయ్యి. ఆకాశం ఫొటోలు తీయడం అయ్యాక, మూత పెట్టేముందు, లెన్సుకు ఎదురుగా అరచెయ్యి పెట్టి టార్చి వెలుగులో ఒక్క ఫొటో తీయాలని బావ అందరికీ ఆన పెట్టాడు.

"ఎందుకు బావా?"

"ఫైళ్ళకు భయం ఉండాలి. చెంపదెబ్బ ఎలా ఉంటుందో ముందే చూపించాలి."

అంత చదువుకున్నవాళ్ళూ, ఊళ్ళో పరువూ ప్రతిష్ఠా ఉన్నవాళ్ళూ, కొండ మీద నిలబడి కెమెరాకు చెయ్యి చూపిస్తారంటే నేను మా ఆఫీసులో చెప్పుకుని నవ్వాను. ఆ గుంపులో తెలివైనవాళ్ళు ఎవరూ లేరని నా రిపోర్టు.

సరే, ఇక బస్సు డ్రైవరు దగ్గరికొద్దాం. మనిషి భారీ మనిషి. గుమ్మంలోంచి రావాలంటే కాస్త పక్కకు తిరగాలి. అంత మనిషీ చిన్న చిన్న విషయాలకే బిక్కమొహం వేసేస్తాడు. గుంపులో కొత్తగా చేరాడు. చేరేముందే, ఎంతోకాలం కూడబెట్టుకుని, కెమెరా, పొడవాటి లెన్సు, దాన్ని చుక్కలతోపాటే మెల్లగా తిప్పే స్టాండు కొనుక్కున్నాడు.

ఆయనకో అన్నగారున్నారు. హైస్కూలు హెడ్మాస్టరు. ఎదటివాడి మాటల్లో తప్పు దొరికేదాకా ఆయనకు ముద్ద దిగదు. చిన్నప్పటినుంచీ "ఒరేయ్, నీకు ఏదీ సరిగ్గా చేతకాదురా" అని తమ్ముడికి రోజుకోసారి చెప్పి, దాన్ని పాఠంలా కంఠతా వచ్చేలా చేశారు. ఇప్పుడు తమ్ముడు కూడా ఆ మాటే నమ్ముతాడు.

ఆ మధ్య ఒక తోకచుక్క వచ్చింది. మళ్ళీ రావాలంటే మన మనవళ్ళ మనవళ్ళు కూడా ఉండరు. దాన్ని ఫొటో తీస్తానని డ్రైవరు ప్రకటించాడు. "తీయలేవు," అన్నారు హెడ్మాస్టరు. "తీస్తే నేను ఒప్పుకుంటాను. తీయలేకపోతే ఆ సామానంతా మా బడికిచ్చేయ్. వార్షికోత్సవాలకు గ్రూపు ఫొటోలు తీసుకోడానికైనా పనికొస్తుంది." డ్రైవరు సరేనన్నాడు. అన్నగారితో సరేననడం ఒక్కటే ఆయనకు బాగా వచ్చిన విద్య.

ఆ తర్వాతి ఆదివారం అన్నదమ్ములిద్దరూ కలిసే వచ్చారు. తోకచుక్క అప్పటికే సూర్యుడి వెనక్కి వెళ్ళిపోయింది. డ్రైవరు లాప్‌టాప్‌ను పసిపిల్లాణ్ణి ఆస్పత్రికి తెచ్చినట్టు రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు. హెడ్మాస్టరుగారు ఖాళీ సంచి తెచ్చారు. లెన్సు పట్టేంతది.

"గురువుగారూ," అన్నాడు డ్రైవరు, "సాఫ్ట్‌వేర్ ఒక్క నక్షత్రం కూడా లేదంటోందండి. ఫైళ్ళు దానికి అర్థం కావట్లేదేమోనని, పేరు చివర్లో ఉండే తోకలన్నీ తీసేసి టిఫ్ అని రాశాను. ఇప్పుడు అసలు తెరుచుకోవడమే లేదు."

"పేరు మారిస్తే జాతి మారుతుందా?" అన్నారు హెడ్మాస్టరు. "మా బళ్ళో మొద్దబ్బాయికి తెలివిసాగరం అని పేరు పెడితే పాసైపోతాడా?"

"అయ్యో, ఈయన తప్పేముందండీ," అన్నాడు బావ. "ఫైలుకుండొద్దూ ఆ మాత్రం బుద్ధి? ఎవరు ఏ పేరు పెట్టినా పలకడమేనా? నీ తోక తెగ!" అంటూనే పాత తోకలన్నీ తిరిగి తగిలించాడు. ఫైళ్ళు తెరుచుకున్నాయి.

తెర మీద రెండు ఫోల్డర్లున్నాయి. ఒకదాని పేరు 'ఆకాశం', ఇంకోదాని పేరు 'మూత'. బావ 'ఆకాశం'లోంచి ఒక ఫొటో తెరిచాడు. నల్లగా ఉంది. వెలుగు పెంచాడు. నాలుగు గీతలూ ఇసుక చల్లినట్టు మచ్చలూ తప్ప ఇంకేం లేదు. ఇంకోటి తెరిచాడు. అదీ అంతే.

హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "చెప్పానా! మూత తీయడం మర్చిపోయాడు! ఆ చలిలో, ఆ కొండ మీద, గంటల తరబడి మూతను ఫొటో తీశాడు వీడు!"

డ్రైవరు ముఖం మాడిపోయింది. "తీశాననే గుర్తన్నయ్యా..."

"గుర్తట, గుర్తు! ఒరేయ్, నీకు ఏదీ సరిగ్గా..."

"చేతకాదన్నయ్యా," అని డ్రైవరు తనే పూర్తిచేశాడు. అని, వంగి సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు.

చెప్పొద్దూ, నాకు ఎవరి మీదా అంత తొందరగా జాలి కలగదు. మా వృత్తిలో అది మంచిది కాదు కూడా. కాని అంత లావు మనిషి అలా సంచి పట్టుకుని నిలబడితే నేను చేతిలోని టిఫిను ప్లేటు కింద పెట్టేశాను.

అప్పుడే బావ రెండో ఫోల్డరును ఒక్క క్షణం తెరిచి మూశాడు. ఆయన భుజం మీదుగా నేను చూశాను. పచ్చటి మసక చుక్క. చుట్టూ నక్షత్రాలు. సర్వేయర్ కన్ను కదా, ప్రమాదం ఎలా జరిగిందో నాకు మొత్తం అర్థమైపోయింది. ఆకాశం ఫొటోలు 'మూత'లో పెట్టాడు, మూత ఫొటోలు 'ఆకాశం'లో పెట్టాడు. సాఫ్ట్‌వేర్ పాపం చీకటిలో చుక్కలు వెతికి వెతికి, దొరకలేదని చెప్పింది. రెండింటికీ మధ్య ఏ గుర్తూ లేదు. ఒక్క అరచెయ్యి ఫొటో ఉంటే, ఇంతవరకు ఆకాశం, ఇక్కణ్ణుంచి మూత అని తెలిసిపోయేది.

అరచెయ్యి! కొత్తవాడు కాబట్టి డ్రైవరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెంపదెబ్బ, భయం అంటూ బావ చెప్పిన కట్టుకథంతా నా బుర్రలో గిర్రున తిరిగింది. ఉప్పు డబ్బా రిబ్బను, గోడకు తెల్లపట్టీలు, గడప తొక్కకూడని జేపెగ్, అన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి. ఈయన ఇన్నేళ్ళుగా ఫైళ్ళకు వేసిన శిక్షల్లో ఒక్కటీ ఫైలుకు కాదు.

అంతా అర్థమైంది కాని అలవాటు ఊరుకోదు కదా. "అదేంటి, రెండో దాంట్లో..." అని నోరు తెరిచాను.

బొటనవేలు నలిగింది. ఈసారి బావ ముఖం చూశాను. కోపంతో ఊగిపోతున్న మనిషి కళ్ళు నా మీదే ప్రశాంతంగా ఆగి ఉన్నాయి.

"ఓరి దొంగముండా ఫైళ్ళూ!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు బావ. "కాపీ అయ్యేటప్పుడు ఒకళ్ళ ఇంట్లో ఒకళ్ళు దూరతారా? అద్దె ఎవరు కట్టారు? ఖాళీ చెయ్యండి! డ్రైవరుగారూ, ఆ సంచి కింద పెట్టండి. మీ తోకచుక్క ఎక్కడికీ పోలేదు. పక్కింట్లో కూర్చుంది."

రెండు ఫోల్డర్లలో సరుకు మార్చి, సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ పనిలో పెట్టాడు. అక్క అందరికీ కాఫీ ఇచ్చింది. డ్రైవరు కప్పు పట్టుకున్నాడే గాని తాగలేదు. సాఫ్ట్‌వేర్ నింపాదిగా నమిలి నమిలి, చివరికి ఒక నల్లటి బొమ్మ కక్కింది. బావ వెలుగు కొంచెం కొంచెంగా పెంచాడు. ముందు చుక్కలు తేలాయి. తర్వాత పచ్చటి తల. ఆ తర్వాత, తెర ఈ మూల నుంచి ఆ మూలకు, సన్నగా, పొడవుగా తోక.

నాకు చుక్కల మీద ఆసక్తి లేదని ముందే చెప్పాను. అయినా కాఫీ చల్లారిందని నాకు ఆ తర్వాతే తెలిసింది.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. బొమ్మలో వంక దొరకలేదు. దొరకనందుకు ఇంకా అసహనంగా కదిలారు.

"బాగానే ఉంది. కాని ఫైళ్ళకు కాళ్ళుండవు. వాటంతటవి ఇల్లు మారవు. ఎవరో పెట్టాలి. తప్పు తప్పే." అని గిరుక్కున నా వైపు తిరిగారు. "మీరు బీమా సర్వేయర్ కదా? తప్పెవరిదో తేల్చడమే మీ పనట కదా? మీరు చెప్పండి. తప్పు మావాడిదా, ఫైలుదా? మీ మాటకు నేను కట్టుబడతాను."

అందరూ నా వైపు చూశారు. డ్రైవరు చూపు మళ్ళీ సంచి మీదికి పోయింది. నా వృత్తిలో ఇంత తేలికైన కేసు ఎప్పుడూ రాలేదు. నూటికి నూరుపాళ్ళూ డ్రైవరుదే తప్పు, సాక్ష్యం కళ్ళ ముందే ఉంది. ఎంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నా, మంత్రులతో ఫోన్లు చేయించినా, నేను తప్పు అటుది ఇటు రాసినవాణ్ణి కాను.

బొటనవేలి మీద బావ మడమ లేదు. ఆయన కాళ్ళు దగ్గరికి తీసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నన్ను నాకే వదిలేశాడు.

గొంతు సవరించుకున్నాను. "హెడ్మాస్టరుగారూ, సంఘటన జరిగిన చోటును క్షుణ్ణంగా పరిశీలించాను. డ్రైవరు తగిన జాగ్రత్తలోనే ఉన్నారు. ఫైళ్ళే ఎలాంటి సూచనా ఇవ్వకుండా, నిర్లక్ష్యంగా దారి మళ్ళి, ఎదటి ఫోల్డరులోకి దూసుకెళ్ళాయి. పూర్తి బాధ్యత ఫైళ్ళది."

"రాసిస్తారా?"

"కావాలంటే ముద్ర కూడా వేస్తాను."

హెడ్మాస్టరుగారు సంచి మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. "సరే. ఫైళ్ళదైతే మావాడేం చేస్తాడు," అన్నారు. ఆ మాట తమ్ముడి గురించి ఆయన నోటివెంట రావడం అదే మొదలు. డ్రైవరు నవ్వడం మొదలుపెట్టి, ఎక్కడ ఆపాలో తెలియక, గుమ్మం దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. వెళ్ళేముందు బావ ఆయన్ని ఆపి, ఫైళ్ళను భయపెట్టే అరచెయ్యి రహస్యం చెవిలో చెప్పాడు.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "బావా, నిజం చెప్పు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నిజంగా ఫైలుది తప్పయిందా?"

"ఒకసారి అయింది," అన్నాడు బావ. "ఎవరూ ఏమీ చేయకుండానే ఫైలు దానంతటదే చెడిపోయింది."

"మరి అప్పుడు ఎంత తిట్టావు?"

"ఏం తిడతాంలే, పాపం. నోరు రాలేదు." కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. "మనిషిని ఒక్క మాటంటే మళ్ళీ ఆదివారం రాడురా. ఫైలును ఎంత తిట్టినా అక్కడే పడి ఉంటుంది."

ఆ తోకచుక్క ఫొటో ఇప్పుడు హెడ్మాస్టరుగారి గదిలో, ఆయన కుర్చీకి సరిగ్గా వెనక గోడకు ఉంది. వచ్చినవాళ్ళందరికీ "మా తమ్ముడు తీశాడు" అని చెబుతారట. చెప్పి చెప్పి ఆయనకూ పిచ్చి పట్టింది. తమ్ముడి కెమెరా అరువు తీసుకుని, తనే చంద్రుణ్ణి తీస్తానని బయల్దేరారు. తర్వాతి ఆదివారం అన్నదమ్ములు మళ్ళీ వచ్చారు. ఈసారి లాప్‌టాప్ అన్నగారి చేతిలో ఉంది, ముఖం కూడా దానికి తగ్గట్టే ఉంది.

బావ కాఫీ తేవడానికి లోపల అక్క దగ్గరికి వెళ్ళాడు. డ్రైవరు నా పక్కన కూర్చుని ఫైలు తెరిచాడు. చంద్రుడు లేడు. మంచులో అరటిపళ్ళ హస్తంలాంటిది ఏదో ఉంది. ఇంకోటి తెరిచాడు. అందులోనూ హస్తమే. ఫైళ్ళకు భయం ఉండాలని తమ్ముడు చెప్పిన సూత్రాన్ని హెడ్మాస్టరుగారు బళ్ళో క్రమశిక్షణలాగే అమలు చేశారు. ఒక్క ఫొటో కూడా వదలకుండా, ప్రతిదానికీ అరచెయ్యి అడ్డం పెట్టి తీశారు.

"ఏమైందంటావురా?" అన్నారు సన్నటి గొంతుతో. "నావల్ల ఏమైనా..."

నేను నోరు తెరిచాను. నా బొటనవేలు నలిగింది. బావ ఇంకా వంటింట్లోనే ఉన్నాడు. కిందికి చూస్తే బస్సు బ్రేకు తొక్కి తొక్కి రాటుదేలిన పాదం ఒకటి నా కాలి మీద నిండుగా ఉంది.

"ఛ, నీ తప్పేముందన్నయ్యా," అన్నాడు డ్రైవరు, తెర మీదికి వేలు చూపిస్తూ. "ఈ వెధవ ఫైలుంది చూశావూ..."

అప్పటినుంచి నేను ఆదివారాలు బూట్లు విప్పకుండానే బావ ఇంట్లోకి వెళ్తున్నాను. తుడిచిన నేలంతా మట్టి చేస్తున్నానని అక్క తిట్టబోతుంది. బావ అడ్డం వస్తాడు.

"వాణ్ణేమీ అనకు. తప్పు బూట్లది."